సముద్రపు నాచుతో చేసిన సన్‌స్క్రీన్‌లు నిజంగా పనిచేస్తాయా? అండమాన్ వెళ్ళేముందు అడుగుతున్నా

హైదరాబాదీ_అమ్మ
అందరికీ నమస్తే. జనవరిలో పిల్లలతో అండమాన్ వెళ్తున్నాం, హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేయాలని వాళ్ళు ఇప్పటినుంచే గోల. మామూలు సన్‌స్క్రీన్‌లలో ఉండే కెమికల్స్ వల్ల పగడపు దిబ్బలు పాడవుతాయని ఎక్కడో చదివినప్పటినుంచీ మనసొప్పట్లేదు, చూడటానికి వెళ్ళి వాటినే పాడుచేసి రావడమేంటని. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను, ట్యూబ్ మీద పెద్ద అక్షరాలతో "సముద్రపు ఎర్ర నాచు శక్తి, పగడాలకు సురక్షితం" అని ఉంది, ఎస్‌పీఎఫ్ (ఎండనుంచి ఎంత కాపాడుతుందో చెప్పే కొలత) 50 అట. 50 గ్రాములకి 1,400 రూపాయలు. నా ప్రశ్నలు రెండే. నాచు నిజంగా ఎండనుంచి కాపాడుతుందా, లేక పేరుకేనా? పిల్లలకి దీన్ని నమ్మి రాయొచ్చా?

తీరం_రాళ్ళు
మొదటి ప్రశ్నకి నేను చెప్తానండీ, నేను విశాఖలో సముద్ర నాచుల మీదే రీసెర్చ్ చేస్తున్నా. నాచు ఎండనుంచి కాపాడుకోవడం నూటికి నూరుపాళ్ళు నిజం, అయితే అది కాపాడుకునేది తనని తాను.

ఒకసారి ఆలోచించండి, ఆటుకి నీళ్ళు వెనక్కి వెళ్ళాక రాళ్ళకి అంటుకున్న నాచు గంటల తరబడి నడినెత్తి ఎండలో ఉంటుంది. నీడకి పారిపోలేదు. మన విశాఖ తీరం రాళ్ళ మీద కూడా పోర్ఫైరా అనే ఎర్ర నాచు సీజన్‌లో పెరుగుతుంది, జపాన్ వాళ్ళు సుషీకి చుట్టే నోరికి ఇది దగ్గరి చుట్టం. దగ్గరికెళ్ళి చూస్తే ఊదా గోధుమ రంగులో, తడిసిన పాలిథీన్ కవర్ రాయికి అతుక్కుపోయినట్టు ఉంటుంది, మందం ఒకే ఒక్క కణం. మధ్యాహ్నానికి ఎండిపోయి ముట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది, సాయంత్రం అల తగలగానే మళ్ళీ మెత్తబడి మామూలుగా బతికేస్తుంది. ఒక్క కణం మందం ఉన్నది అంత యూవీని, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలని తట్టుకుంటోందంటే లోపల ఏదో ఉండాలి కదా.

ఆ ఉన్నవే మైకోస్పోరిన్ తరహా అమైనో ఆమ్లాలు, మేం ఎంఏఏలు అంటాం. చిన్న చిన్న అణువులు, రంగుండదు, నీళ్ళలో కరుగుతాయి. 310 నుంచి 360 నానోమీటర్ల మధ్య యూవీని పీల్చుకుని వేడిగా మార్చి వదిలేస్తాయి, ఆ క్రమంలో హానికరమైన ఫ్రీ ర్యాడికల్స్ పుట్టించవు. పోర్ఫైరాలో ఎక్కువగా ఉండేదాని పేరే పోర్ఫైరా-334, అది 334 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకుంటుంది కాబట్టి. షినోరిన్ అనే ఇంకో ఎంఏఏ కూడా అక్కడే. పాలిథైన్ అనేది 320 దగ్గర.

పగడాలలో కూడా ఇవే ఉన్నాయి! 1969లో కజువో షిబాటా అనే జపాన్ శాస్త్రవేత్త ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ పగడాల్లో 320 దగ్గర యూవీని పీల్చే పదార్థం ఒకటి ఉందని గమనించి ఎస్-320 అని పేరు పెట్టారు. 80లలో టౌన్స్‌విల్‌లోని ఆస్ట్రేలియా సముద్ర విజ్ఞాన సంస్థలో వాల్టర్ డన్‌లప్, బ్రూస్ చాకర్ అది ఈ ఎంఏఏలేనని తేల్చారు. అంటే మీరు కాపాడాలనుకుంటున్న పగడానికి సొంత సన్‌స్క్రీన్ ఉంది.

గోదారి_గట్టు
ఇంత హడావిడి దేనికండీ, మా ఇంట్లో తరతరాలుగా కొబ్బరినూనె రాసుకుని ఎండలో పనిచేశారు. కొబ్బరినూనెకి ఎస్‌పీఎఫ్ 8 ఉందని నేనే చదివాను. నాచూ వద్దు, కెమికలూ వద్దు.

చర్మం_డాక్టర్
గోదారి_గట్టు గారూ, ఆ 8 అంకె నూనెని ఆల్కహాల్‌లో కలిపి స్పెక్ట్రోఫొటోమీటర్‌లో (కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రంలో) కొలిచింది. ఒంటి మీద రాసి చూస్తే దాదాపు ఏమీ ఆపదు. పిల్లలతో నీళ్ళలో గంటలు గడిపేవాళ్ళకి దయచేసి ఈ సలహా ఇవ్వకండి. పొలంలో పనిచేసేవాళ్ళని కాపాడింది నూనె కాదు, తలపాగా, ఫుల్ చేతుల చొక్కా, పన్నెండింటికి చెట్టు కిందకి చేరే అలవాటు.

తీరం_రాళ్ళు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ళు 2018లో పాలిథైన్‌ని మనిషి చర్మ కణాల మీద పరీక్షించారు. చాలా తక్కువ గాఢతలోనే డీఎన్ఏ దెబ్బతినడాన్ని గణనీయంగా తగ్గించింది, పైగా యాంటీఆక్సిడెంట్‌గా కూడా పనిచేసింది. అది మంచి అధ్యయనం. కానీ అది డిష్‌లో పెంచిన కణాల మీద. వీపు మీద రాసుకుని సముద్రంలో దూకిన మనిషి మీద కాదు. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది.

క్రీమ్_కెమిస్ట్
ఆ దూరంలోనే నా ఉద్యోగం 🙂 హైదరాబాద్‌లో ఒక ఫార్ములేషన్ ల్యాబ్‌లో చేస్తాను, సన్‌స్క్రీన్‌లే ఎక్కువ.

హైదరాబాదీ_అమ్మ గారూ, ట్యూబ్ వెనక ఇంగ్రీడియంట్స్ లిస్ట్ మొత్తం వరుస తప్పకుండా ఇక్కడ పెట్టండి. ముందువైపు రాసింది చదివి ఏమీ చెప్పలేం.

ఈలోగా ఎంఏఏలతో మాకున్న ఇబ్బందులు చెప్తాను. తీరం_రాళ్ళు "నీళ్ళలో కరుగుతాయి" అన్నారే, నాచుకి అది వరం, మాకు అదే తలనొప్పి. సన్‌స్క్రీన్ నీళ్ళలో కొట్టుకుపోకూడదు. చాలా ఆర్గానిక్ ఫిల్టర్లు (యూవీని ఆపే కార్బన్ రసాయనాలు, సహజమైనవని కాదు) నూనెలో కరుగుతాయి కాబట్టి చర్మం మీద పొరలా నిలబడతాయి. నీళ్ళలో కరిగేదాన్ని పెడితే మొదటి అలకే పోతుంది. అందుకే వీటిని లైపోజోమ్‌లలో, అంటే సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో బంధించి వాడతారు. స్విట్జర్లాండ్‌లోని మిబెల్ కంపెనీ అమ్మే హీలియోగార్డ్ 365 అలాంటిదే, పోర్ఫైరా అంబిలికాలిస్ అనే ఎర్ర నాచునుంచి తీసిన షినోరిన్, పోర్ఫైరా-334. ఫ్రాన్స్‌లో జెలైమా వాళ్ళ హీలియోనోరి కూడా ఉంది. ఈ రెండూ ఏళ్ళ తరబడి మార్కెట్‌లో ఉన్నాయి, బూటకాలు కావు.

రెండోది, తరంగదైర్ఘ్యం. యూవీఏ, అంటే పొడవైన తరంగాల యూవీ, 320 నుంచి 400 నానోమీటర్ల వరకు ఉంటుంది. 334 దగ్గర శిఖరం ఉన్న అణువు 360 దాటాక దాదాపు ఏమీ చేయదు, చర్మంలో లోతుగా దిగి ముడతలు తెచ్చే కిరణాల్లో చాలా భాగం అక్కడే ఉంది. కాబట్టి ఎంఏఏలు ఒక్కటే పెట్టి ఎస్‌పీఎఫ్ 50, మంచి యూవీఏ రక్షణ రాబట్టడం ఈరోజు ఎవరివల్లా కాదు.

మూడోది చట్టం. మన దేశంలో సన్‌స్క్రీన్ కాస్మెటిక్ కిందకి వస్తుంది, యూవీ ఫిల్టర్‌గా ఏది వాడాలన్నా అనుమతించిన జాబితాలో ఉండాలి. యూరప్‌లోనూ అంతే, అమెరికాలో అయితే సన్‌స్క్రీన్ మందుల కింద లెక్క. ఈ జాబితాల్లో ఎంఏఏలు లేవు. అందుకే నాచు సారాన్ని చర్మానికి మేలుచేసే పదార్థంగా, యాంటీఆక్సిడెంట్‌గా కలుపుతారు. ట్యూబ్ మీద రాసిన ఎస్‌పీఎఫ్ మాత్రం వేరే ఫిల్టర్ ఇచ్చిందే.

హైదరాబాదీ_అమ్మ
ఇదిగోండి, చిన్న అక్షరాలు, భూతద్దం పెట్టి చదివాను: నీరు, ఇథైల్‌హెక్సిల్ మెథాక్సీసిన్నమేట్, గ్లిజరిన్, జింక్ ఆక్సైడ్, బ్యూటైల్ మెథాక్సీడైబెంజాయిల్‌మీథేన్, ఇంకేవో నాలుగైదు, స్క్వాలేన్, ఫినాక్సీఇథనాల్, పోర్ఫైరా అంబిలికాలిస్ ఎక్స్‌ట్రాక్ట్, శాంథన్ గమ్, పర్‌ఫ్యూమ్.

పగడాలకి చెడ్డదని చెప్పే ఆక్సిబెంజోన్ ఇందులో లేదు కదా, ఆ పేరు కోసమే వెతికాను.

క్రీమ్_కెమిస్ట్
ఆక్సిబెంజోన్ లేదు, నిజమే. (లేబుల్ మీద అది బెంజోఫినోన్-3 అనే పేరుతో ఉంటుంది, ఈసారి ఆ పేరు వెతకండి.) కానీ నీటి తర్వాత రెండో స్థానంలో ఉన్న ఇథైల్‌హెక్సిల్ మెథాక్సీసిన్నమేట్ అంటే ఆక్టినాక్సేట్. అమెరికాలోని హవాయి, పసిఫిక్‌లోని చిన్న దీవుల దేశం పలావు నిషేధించినవాటిలో ఇదొకటి. పగడాలకు సురక్షితం అని ముందువైపు రాసి, వెనక ప్రధాన ఫిల్టర్‌గా దీన్నే పెట్టారు.

నాచు సంగతి చూడండి. ఫినాక్సీఇథనాల్ ప్రిజర్వేటివ్, దాని గరిష్ఠ పరిమితి 1 శాతం. దాని తర్వాత వచ్చే పదార్థాలు సాధారణంగా 1 శాతం లోపే. మీ నాచు దాని తర్వాత ఉంది. అది కూడా శుద్ధమైన ఎంఏఏ కాదు, సారం, అందులో ఎంఏఏ ఇంకా కొద్దిపాటి వంతు. హీలియోగార్డ్ తయారీదారు ప్రచురించిన పరీక్షల్లో క్రీమ్‌లో ఎంఏఏ గాఢత 0.005 శాతం. ముడతలు, కొవ్వు ఆక్సీకరణ లాంటి వాటి మీద ఫలితం చూపించారు, కాబట్టి అంత తక్కువ ఉంటే పనికిరాదు అని నేననను. ఎస్‌పీఎఫ్ 50 ఇచ్చేది మాత్రం అది కాదు.

నీటి_కింద
నేను హేవ్‌లాక్‌లోనే డైవింగ్ నేర్పిస్తానక్కా, మాది శ్రీకాకుళం. సీజన్‌లో ఎలిఫెంట్ బీచ్‌కి పొద్దున్నే వెళ్తే నీళ్ళు అద్దంలా ఉంటాయి. పదకొండుకల్లా పడవలన్నీ వచ్చి జనం దిగాక ఒడ్డు దగ్గర నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల్లో జిడ్డు పొర తేలుతుంది, ఎండ పక్కనుంచి పడినప్పుడు బాగా తెలుస్తుంది. పడవ డీజిల్ కొంత ఉంటుంది, కాదనను. కానీ మాస్క్ తీసి నీళ్ళు వాసన చూస్తే సన్‌స్క్రీన్ సెంటు గుప్పుమంటుంది. అక్కడ పగడాలు మోకాలి లోతులో ఉన్నాయి.

మా దగ్గరికి వచ్చేవాళ్ళకి మేం చెప్పేది ఒక్కటే, ఫుల్ చేతుల రాష్‌గార్డ్ (నీళ్ళలో వేసుకునే బిగుతు చొక్కా), కింద లెగ్గింగ్స్ వేసుకోండి. పిల్లల సైజులు కూడా మన ఊళ్ళో స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి. స్నార్కెలింగ్‌లో ముఖం నీళ్ళలోకి ఉంటుంది, కాలేది వీపు, మోకాళ్ళ వెనక, మెడ. బట్ట వేస్తే రాయాల్సిన క్రీమ్ నాలుగో వంతుకి పడిపోతుంది.

హొనొలులు_తెలుగు
హవాయి పేరు వచ్చింది కాబట్టి. ఇక్కడ 2018లో చట్టం చేశారు, 2021 జనవరి 1 నుంచి ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌లు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. పలావు ఇంకా ముందే, 2020 జనవరి నుంచి, పది పదార్థాల మీద. థాయ్‌లాండ్ 2021లో సముద్ర జాతీయ పార్కుల్లో ఆపేసింది. ఇక్కడ షాపుల్లో అరలన్నీ మారిపోయాయి, ఎక్కడ చూసినా జింక్ ఆక్సైడే. అదే సమయంలో "రీఫ్ సేఫ్" అనే మాట ప్రతి ట్యూబ్ మీదకీ వచ్చింది. ఆ మాటకి చట్టంలో నిర్వచనం లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. మీకు జరిగింది అదే.

గోదారి_గట్టు
సరే, కొబ్బరినూనె సంగతి వదిలేస్తా. కానీ నిజంగా సన్‌స్క్రీన్ వల్లే పగడాలు చనిపోతున్నాయా? సముద్రం అంత పెద్దది, ఒక ట్యూబ్ క్రీమ్ ఏం చేస్తుంది?

తీరం_రాళ్ళు
ఇది అడగాల్సిన ప్రశ్నే. పగడాలకి అన్నిటికన్నా పెద్ద శత్రువు నీటి వేడి. 1998, 2010, 2016లలో అండమాన్‌లో పగడాలు పెద్దఎత్తున తెల్లబడింది వేడికే. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి భారీ బ్లీచింగ్ (ఇలా తెల్లబడటం) జరుగుతోందని ప్రకటించారు. సన్‌స్క్రీన్ మానేస్తే పగడాలు బతికిపోతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఆక్సిబెంజోన్ మీద 2015 చివర్లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనం పగడాల పిల్లలు, అంటే లార్వాల మీద చేసింది. వాటి డీఎన్ఏ దెబ్బతినడం, ఆకారం వికృతం కావడం చూశారు. అయితే ల్యాబ్‌లో వాడిన మోతాదులు చాలావరకు మామూలు సముద్రపు నీటిలో దొరికేవాటికన్నా ఎక్కువ అనే విమర్శ ఉంది. నాకు బలంగా అనిపించేది 2022లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చేసింది. పగడాలకి దగ్గరి చుట్టమైన సీ అనిమోన్ అనే జీవి ఆక్సిబెంజోన్‌ని లోపలికి తీసుకుని, దాన్ని వదిలించుకోవడానికి ఒక గ్లూకోజ్ అణువు తగిలిస్తుంది. దాంతో అది ఎండని పీల్చి వేడిగా వదిలేసే పదార్థం కాస్తా ఎండ తగిలితే విషంగా మారే పదార్థం అయిపోయింది. లోపల సహజీవనం చేసే నాచు ఉన్న అనిమోన్‌లలో ఆ విషాన్ని నాచు దాచుకుని కొంత కాపాడింది. తెల్లబడి నాచు పోగొట్టుకున్నవి త్వరగా చచ్చిపోయాయి. అంటే వేడికి ఇప్పటికే నీరసించిన పగడం మీద ఇది రెండో దెబ్బ. సముద్రం పెద్దదే గానీ, నీటి_కింద గారు చెప్పిన మోకాలి లోతు బీచ్ చిన్నది, అలలు తక్కువ, జనం ఎక్కువ. నేను పట్టించుకునేది అక్కడి గురించే.

నెల్లూరు_ఆక్వా
మొత్తం చదివాను. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. సముద్రంనుంచి వచ్చింది, సహజం అనగానే పర్యావరణానికి మంచిదే అనుకుంటున్నాం. నేను కొన్నేళ్ళు రామనాథపురం జిల్లా మండపం దగ్గర సీవీడ్ పెంపకంలో పనిచేశాను. అక్కడ ఆడవాళ్ళు చేతివేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని నీళ్ళలో మునిగి రాళ్ళమీద నాచు కోసుకొస్తారు, గంటలు గంటలు. ఎండబెడితే బరువు పదోవంతుకి పడిపోతుంది. ఒక గ్రాము ఎండు నాచులో ఎంఏఏలు ఉండేది కొన్ని మిల్లీగ్రాములే. రేపు ప్రపంచంలో సన్‌స్క్రీన్‌లన్నిటికీ నాచు కోయాలంటే తీరంలో మిగిలేదేముంది? ఆ నాచులోనే చేపపిల్లలు పెరిగేది.

పెంచొచ్చు కదా అంటారు. పెంచొచ్చు, కానీ జాతి చూసి. క్యారజీనన్ (తినేవాటిని చిక్కబరిచే పదార్థం) కోసం బయటినుంచి తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీదకే పాకింది. నాచు మంచిదే, చేరకూడని చోట చేరింది.

ఇంకోటి. లిస్ట్‌లో స్క్వాలేన్ అనే నూనె పదార్థం చూశాను. అది ఒకప్పుడు లోతు సముద్రపు సొరచేపల కాలేయంనుంచే తీసేవారు. ఇప్పుడు ఆలివ్‌నుంచి, చెరకునుంచి కూడా వస్తోంది. ఏదో లేబుల్ మీద రాయరు, కంపెనీని అడగాలి. అదీ సముద్రంనుంచి వచ్చిన సహజ పదార్థమే మరి!

తీరం_రాళ్ళు
నెల్లూరు_ఆక్వా గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నా గైడ్ కూడా ఇదే అంటారు. అందుకే ఈ రంగంలో ఇప్పుడు నాచు కోయడం మీద కాకుండా జన్యువుల మీద పని జరుగుతోంది, నాకు ఆశ కూడా అక్కడే.

2010లో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో ఎమిలీ బాల్స్కస్, క్రిస్టఫర్ వాల్ష్ అనాబీనా అనే సయనోబ్యాక్టీరియాలో (ఎండతో ఆహారం చేసుకునే బ్యాక్టీరియాలో) షినోరిన్ తయారుచేసే జన్యువుల గుంపుని పట్టుకున్నారు, మొత్తం నాలుగు ఎంజైమ్‌ల పని. అవి తెలిశాక వాటిని వేరే సూక్ష్మజీవిలో పెట్టి ట్యాంకులో పెంచడం సాధ్యమైంది. ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు 2018లో వేరే సయనోబ్యాక్టీరియాలో చేశారు, తర్వాత ఈస్ట్‌లో కూడా అయింది. బ్రెడ్డుకీ బీరుకీ వాడే ఈస్టే. అప్పుడు తీరంలో ఒక్క రాయి కూడా గీకక్కర్లేదు.

నాకు ఇంకా ఇష్టమైన కథ గాడుసాల్ అనే, యూవీని పీల్చే ఇంకో అణువుది. మొదట కాడ్ చేప గుడ్లలో దొరికింది. పగడాలు, చేపలు, సీ అర్చిన్‌లు ఇవన్నీ నాచునుంచి, తిండినుంచి మాత్రమే సన్‌స్క్రీన్ సంపాదిస్తాయని చాలాకాలం అనుకున్నారు. సీ అర్చిన్‌లకి అది నిజమే, ఎంఏఏలున్న ఎర్ర నాచు తిన్న తల్లి పెట్టిన గుడ్లు యూవీని బాగా తట్టుకుంటాయి. కానీ 2015లో ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు జీబ్రాఫిష్ తన సొంత జన్యువులతోనే గాడుసాల్ తయారు చేసుకుంటుందని చూపించారు. ఆ జన్యువులు పక్షుల్లో, సరీసృపాల్లో, కప్పల్లో కూడా ఉన్నాయి. పాలిచ్చే జంతువులు పోగొట్టుకున్నాయి, అంటే మనకి లేవు. 2023లో ఇంకో అధ్యయనం, తల్లిచేప గుడ్డులో పెట్టి పంపే ఆ గాడుసాలే పిండానికి ప్రధాన రక్షణ అని తేల్చింది. గుడ్డు పారదర్శకంగానే ఉంటుంది, శత్రువుకి కనపడదు, యూవీ మాత్రం లోపలికి రాదు. అంత పని రంగులేని ఒక చిన్న అణువు చేస్తోంది. అది చదివిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు.

చర్మం_డాక్టర్
ఇవన్నీ వింటుంటే ఉత్సాహంగానే ఉంది, కానీ ట్యాంకులో తయారైనా విష పరీక్షలు, మనుషుల మీద పరీక్షలు, అనుమతులు అన్నీ దాటాలి. దానికి ఏళ్ళు పడుతుంది, పట్టాలి కూడా. చర్మం మీద రోజూ రాసేది రక్తంలోకి ఎంత పోతుందో చూడకుండా వదలకూడదు. ఆక్సిబెంజోన్ విషయంలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ కొలత 2019లో గానీ బయటపెట్టలేదు, అప్పటికి జనం దాన్ని దశాబ్దాలుగా రాసుకుంటున్నారు. సహజం అనే కారణంతో ఎంఏఏలకి ఆ మినహాయింపు ఇవ్వొద్దు.

అమ్మగారూ, మీ పిల్లల వయసు ఎంతో చెప్పలేదు. ఆరు నెలలు దాటినవాళ్ళకైతే జింక్ ఆక్సైడ్ ప్రధానంగా ఉన్నది తీసుకోండి, పర్‌ఫ్యూమ్ లేనిది. రాయడంలో పిసినారితనం వద్దు, ఎస్‌పీఎఫ్ కొలిచేది చదరపు సెంటీమీటర్‌కి 2 మిల్లీగ్రాములు రాసి. మనం రాసేది అందులో సగం కూడా ఉండదు. తెల్లగా కనపడుతుందని పిల్లలు గొడవచేస్తారు, చేయనివ్వండి.

హైదరాబాదీ_అమ్మ
పిల్లలు 7, 11. ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్. ఆ ట్యూబ్ చూస్తే ఒళ్ళు మండుతోంది నిజంగా, 1,400 పోయినందుకు కాదు, పగడాల పేరు చెప్పి అమ్మినందుకు. రాష్‌గార్డ్‌లు ఆర్డర్ పెట్టేశాను. జింక్ కూడా పగడాలకి మంచిది కాదని ఒకావిడ చెప్పింది, నిజమేనా? ఇక ఏం రాయాలి మరి!

క్రీమ్_కెమిస్ట్
ఆవిడ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. పూత లేని నానో (అతి సూక్ష్మ రేణువుల) జింక్ ఆక్సైడ్ నీళ్ళలో కరిగి జింక్ అయాన్లు వదులుతుంది, ల్యాబ్‌లో అవి పగడాలకి ఒత్తిడి కలిగించాయి. అందుకే నానో కానిది, "నాన్-నానో" అని రాసి ఉన్నది వెతకండి. హానే లేనిది ఏదీ లేదు, తక్కువ హాని ఉన్నది తక్కువ రాయడమే ఈరోజుకి మన చేతిలో ఉన్నది. బట్ట కప్పని చోట, అంటే ముఖం, మెడ, చేతులు, పాదాల మీద మాత్రమే రాసి, పావుగంట ఆరాక నీళ్ళలో దిగండి.

కంపెనీకి మెయిల్ పెట్టే ఓపిక ఉంటే మూడు అడగండి: అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 24444 ప్రకారం మనుషుల మీద చేసిన ఎస్‌పీఎఫ్ రిపోర్ట్, ఐఎస్‌ఓ 24443 యూవీఏ రిపోర్ట్, ఆక్టినాక్సేట్ పెట్టి పగడాలకు సురక్షితం అని ఏ పరీక్ష ఆధారంగా రాశారో. స్క్వాలేన్ ఎక్కడిదో కూడా కలపండి, నెల్లూరు_ఆక్వా గారి తరఫున.

నీటి_కింద
అక్కా, ఇంకో మాట. పొద్దున ఏడు, ఏడున్నరకి మొదటి పడవ పట్టుకోండి. ఎండ తక్కువ, జనం తక్కువ, నీళ్ళు తేటగా ఉంటాయి. పిల్లలకి ముందే చెప్పండి, పగడం మీద నిలబడకూడదు, చేత్తో ముట్టుకోకూడదు. ఏ క్రీమ్ కన్నా కాలికి తొడుక్కునే ఫిన్ తగిలి విరిగేదే మేం రోజూ కళ్ళారా చూసేది.

హైదరాబాదీ_అమ్మ
తప్పకుండా చెప్తా తమ్ముడూ. మెయిల్ ఇప్పుడే పంపాను, నాలుగు ప్రశ్నలూ పెట్టాను. జవాబు వస్తే ఉన్నదున్నట్టు ఇక్కడే పెడతాను, రాకపోతే రాలేదని పెడతాను.